అస్తరు లేని సంచి

మొన్న మధ్యాహ్నం ఆటో సీటు కవరు కుడుతుంటే ఒక ప్లంబరు వచ్చి కొట్టు ముందు నిలబడ్డాడు. పనిముట్ల సంచి కావాలన్నాడు. గోడకి వేలాడదీసినవన్నీ దించి చూపించాను. ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకోలేదు.

"ఇవి కాదక్కా. ఆ అనుమానం ముసలాయనకి కుట్టేవు సూడు, లోన అస్తరు లేకుండా, అలాటిది కావాల."

"అయితే ఆయన్నే ఒకసారి సంచి పట్టుకుని రమ్మను. చూసి కుడతాను."

"ఆయనెక్కడ్నించి వత్తాడక్కా. పోయేడు కదా. నీకు తెల్దేటి?"

తెలీదు. మిషను మీంచి కాలు తీసేశాను. నిద్రలోనే పోయాడట. పెద్దకర్మ ఎల్లుండేనట. ప్లంబరు మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. ఆ సీటు కవరు ఆ రోజుకి అలాగే ఉండిపోయింది.

మనిషి పోగానే మంచివాడని అనేయడం మన అలవాటు. నేను అంత తొందరగా అనలేను. ఆయన నన్ను విసిగించినట్టు ఈ ఊళ్లో మరే గిరాకీ విసిగించలేదు. ఆయన పేరు నాకు తెలుసు గాని ఇక్కడ రాయను. ఎవరైనా పేరడిగితే "ఎందుకు?" అని అడిగే మనిషి. అడక్కుండా రాశానని తెలిస్తే ఊరుకోడు.

మా కొట్టు బెల్లం మార్కెట్టుకి పోయే వీధిలో, ఒక మేడ కింద గదిలో ఉంది. మా ఆయన ఆటోలకి సీట్లు బిగిస్తాడు. నేను మిషను మీద ఉంటాను. కాన్వాసు, రెగ్జిను, టార్పాలిను, సూది దిగేది ఏదైనా కుడతాను. పనివాళ్ల సంచులంటే మాత్రం నాకు కొంచెం గర్వం. మేస్త్రీలు, ప్లంబర్లు, కరెంటు పనివాళ్లు నా దగ్గరికే వస్తారు. బజార్లో దొరికే సంచి చూడ్డానికి బాగుంటుంది, బరువు పడితే నెల తిరక్కుండా చెవులు ఊడిపోతాయి. ఎందుకంటే వాళ్లు పట్టీని మూతి దగ్గరే కుట్టి వదిలేస్తారు. నేను పట్టీని సంచి అడుగు కిందనుంచి తిప్పి రెండో పక్కకి తెస్తాను. అప్పుడు బరువంతా పట్టీ మీద ఉంటుంది, గుడ్డ మీద ఉండదు. సంచి కొనేటప్పుడు జిప్పు మెరుపు చూడకండి, తిరగేసి అడుగు చూడండి అని వచ్చినవాళ్లందరికీ చెబుతాను. ఎవరూ వినరు. విన్నవాడు ఈయనొక్కడే, విని నమ్మలేదు.

ఆయన మోటార్ల మెకానిక్కు. ఇళ్లల్లో సంపు మోటార్లు, పొలాల్లో బోర్లు, చెరకాడే రోజుల్లో గానుగ ఇంజన్లు, సముద్రం ఒడ్డున పూడిమడకలో పడవ ఇంజన్లు. మోపెడ్ మీద తిరిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు బండిని కొట్టుకి ఎదురుగా పెట్టి తాళం వేశాడు. తాళం లాగి చూశాడు. నాలుగడుగులు వేసి, వెనక్కెళ్లి మళ్లీ లాగి చూశాడు. తర్వాత మా బోర్డు చదివాడు, నన్ను చూశాడు, వంగి నా మిషను కింద ఏముందో కూడా చూశాడు.

"దండం బాబాయ్, రండి" అన్నాను.

"నన్నెరుగుదువా నువ్వు?"

"ఎరగను."

"మరి దండం ఎందుకు?"

అలా మొదలైంది మా పరిచయం. ఫోను మోగితే హలో అనేవాడు కాదు. చెవికి ఆనించుకుని ఊరుకునేవాడు, అవతలివాళ్లు ముందు బయటపడాలని. టీ తెప్పిస్తే గ్లాసుని వెలుతురులో పెట్టి చూసి, వాసన చూసి, అప్పుడు తాగేవాడు. ఒకసారి మా ఆయన ఊరికే, ఆయన వేసుకున్న కొత్త చొక్కా బాగుందన్నాడు. "ఏటి గావాల నీకు?" అని అడిగాడు. మా ఆయన ఆ తర్వాత ఆయన వస్తే లోపలికి వెళ్లిపోయేవాడు.

సంచిని పరీక్ష చేసే తీరు చూడాలి. ముందు పూర్తిగా తిరగేసేవాడు. అడుగు మీద కాలు పెట్టి తొక్కి, రెండు చేతులతో చెవులు పట్టి పైకి లాగేవాడు. కుట్టు చివర ఉన్న దారాన్ని పళ్లతో పట్టి గుంజేవాడు. జిప్పుని చెవి దగ్గర పెట్టుకుని తీసి వేసి తీసి వేసి, ఆ గరగర విని, "దీనికి రొమ్ము జబ్బుంది" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ దాన్లో అబద్ధం లేదు, ఆ జిప్పులు నాసిరకమే. వేరే దొరకవు ఇక్కడ.

మొదటి సంచి నాకు తోచినట్టు కుట్టిచ్చాను. మందపాటి కాన్వాసు, అడుగు రెండు పొరలు, లోపలివైపు రెండో పొరగా నీలం అస్తరు, అస్తరుకి జేబులు. అస్తరు లేకపోతే పానాల మొనలు గుడ్డని తినేస్తాయి. పైగా లోపల పోగులు కనబడవు, నీటుగా ఉంటుంది. వారం తిరక్కుండా పట్టుకొచ్చాడు. అస్తరంతా బ్లేడుతో కోసి పారేసి ఉంది. నేను ఒక పూటంతా కూర్చుని కుట్టిన అస్తరు.

"ఇదేటి బాబాయ్?"

"అస్తరు ఒద్దు. లోన ఉన్నది లోనే కనబడాల. గుడ్డకీ గుడ్డకీ మద్దిన సందు ఉండకూడదు."

"సందుంటే ఏమవుతుంది? చీమలు దూరతాయా?"

"ఏటైనా దూరొచ్చు" అన్నాడు. అని, నేనే ఏదో దూర్చి పెట్టినట్టు నావైపు చూశాడు.

రెండోసారి అస్తరు లేకుండా, జేబులు నేరుగా గోడకే వేసి కుట్టాను. ఈసారి జిప్పు పీకించాడు. గానుగ దగ్గర పానకం చింది జిప్పు అంటుకుపోతోందట, సంచికి చీమలు పడుతున్నాయట. పూడిమడక వెళ్తే ఉప్పుగాలికి రన్నరు పచ్చబడి బిగిసిపోతోందట. సరే, అది ఒప్పుకున్నాను. జిప్పు తీసి మూత వేస్తానంటే మూతా వద్దన్నాడు.

"వాన పడితే?"

"పడనీ."

పడింది. రోలుగుంట వైపు ఏదో బోరు పనికి వెళ్లి వస్తుంటే తడిసి ముద్దయ్యాడు. మర్నాడు తుప్పు పట్టిన పానాలు నా బల్ల మీద పరిచి, "నీ గుడ్డ నీల్లు తాగేత్తంది" అన్నాడు. నేను మూత గురించి చెప్పిన మాట గుర్తు చేశాను. "నువ్వు గట్టిగా సెప్పలేదు" అన్నాడు. ఆఖరికి ఎక్కణ్ణుంచో మందపాటి ప్లాస్టిక్ షీటు తెచ్చాడు, అద్దంలా అవతలివి కనబడేది. దాన్ని మూతగా కుట్టమన్నాడు. సూది దిగిన చోటల్లా ఆ షీటు చీలేది. అంచుకి పట్టీ వేసి, తిట్టుకుంటూ కుట్టాను. తిట్టుకోవడం పైకే. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని విన్నాడు. రిపేరుకి కూడా సంచిని వదిలి వెళ్లేవాడు కాదు మరి. కుట్టడం అయ్యేదాకా నా చేతులే చూస్తూ కూర్చునేవాడు.

పూర్తయ్యాక ఆ సంచి మాత్రం ముచ్చటగా ఉండేది. మూతి చుట్టూ తీగ వేశాను, తెరిస్తే దానంతటదే నోరు తెరుచుకుని నిలబడేది. ప్రతి పానాకీ దాని కొలతకి ఒక జేబు. ఏది లేకపోయినా ఖాళీ చోటు కనబడిపోతుంది. కటింగ్ ప్లేయరు ఒక పక్క, టెస్టరు ఒక పక్క, అడుగున సుత్తీ పైపు రెంచీ. రెండు వైపులా బరువు సమానం. బయటినుంచి చూస్తే లోపలున్న సామాను మొత్తం మూతలోంచి కనబడేది. ఊళ్లో మెకానిక్కులు నవ్వారు, గాజు పెట్టె మోస్తున్నాడని.

నేను మాత్రం అనుకున్నదేమిటంటే, ఈ ముసలాయన లోకమంతా తన పానాలు ఎత్తుకుపోవడానికే పుట్టిందనుకుంటున్నాడని. అలా అనుకోడానికి కారణం ఉంది. ఏ ఇంటికి పనికెళ్లినా గుమ్మంలోనే ఆ సంచి తెరిచి, ఇంటివాళ్లని పిలిచి, "సూసుకోండి" అనేవాడు. వాళ్లు చూసేదాకా పని మొదలుపెట్టేవాడు కాదు. పని అయ్యాక మళ్లీ అదే గుమ్మంలో తెరిచి, "సూసుకోండి" అనేవాడు. మా కొట్టు పైన మేడలో ఉండేది మా ఇంటి ఓనర్లు, బెల్లం వ్యాపారం వాళ్లు. ఆయనే వాళ్లకి మెకానిక్కు. ఓనరమ్మ కిందికి దిగినప్పుడల్లా నాతో అనేది, "మేమేదో ఆయన పానాలు దాచేస్తామన్నట్టు చూపిస్తాడే ప్రతిసారీ. ఎంత అవమానమో చూడు. పని బాగా చేస్తాడు గనక పిలుస్తున్నాం." నేనూ సరే సరే అనేదాన్ని. నాకూ అదే అనిపించేది.

ఒకరోజు పొద్దున్నే పైనుంచి కేకలు వినబడ్డాయి. ఓనరమ్మ రాళ్ల దిద్దు ఒకటి కనబడలేదు. పడుకునేముందు చెవినుందట, లేచేసరికి లేదట. ఇంట్లో పని చేసే పైడమ్మ అప్పటికే గదులు ఊడ్చింది. మోటారు మెకానిక్కు కూడా వచ్చి, పెరట్లో సంపు మోటారు విప్పి పెట్టుకున్నాడు. ఓనరమ్మ మెట్లమీదే మొదలుపెట్టి, పైడమ్మని వీధిలోకి తీసుకొచ్చి నిలబెట్టింది. కొంగు దులపమంది. పైడమ్మ దులిపింది. బొడ్లో దోపిన చిన్న గుడ్డసంచి తీసి చూపించమంది. చూపించింది. వక్కా, ఆకు ముక్కా ఉన్నాయి. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. పైడమ్మ కొంగు సర్దుకుని వెళ్లిపోయింది. నేను మిషను దగ్గర నిలబడే ఉన్నాను. ఇంటి ఓనరు కదా అని నోరు మెదపలేదు. మనసులో మాత్రం ఆవిడ్ని కడిగేశాను.

కాసేపటికి పైనుంచి ఓనరమ్మే పిలిచింది, దుప్పట్లు దులపాలి, సాయం రమ్మని. వెళ్లేసరికి పెరట్లో ఇంకో గొడవ నడుస్తోంది. మోటారు ముక్కలన్నీ గోనె మీద వరసగా పేర్చి, చేతులు తుడుచుకుని, మెట్టు మీద కూర్చున్నాడు ఆయన. ఓనరు గారు ఎదురుగా నిలబడి ఉన్నారు.

"నీమీద ఎవరికీ అనుమానం లేదయ్యా. నువ్వు మోటారు బిగించు. ట్యాంకులో నీళ్లు లేవు" అంటున్నారు.

"నామీద ఎందుకు నేదు బాబూ?"

"నీ సంచి ఎప్పుడూ మా కళ్లముందే కదా. తెరిచి మరీ చూపిస్తావు."

"నాకు పనిముట్ల సంచుంది కాబట్టి గుమ్మంలోనే తెరిసేను. ఆవిడకాడ ఏటుంది అలా తెరవడానికి?"

ఆ దిద్దు దొరికేదాకా మోటారు బిగించనన్నాడు ఈయన. పోలీసులకి చెప్పుకోమన్నాడు, చెప్పేటప్పుడు తన పేరు కూడా రాయించమన్నాడు. ఇంకో మెకానిక్కుని పిలుస్తానన్నారు ఓనరు గారు. పిలవండన్నాడు. ఎవరూ రారని ఇద్దరికీ తెలుసు. ఒకరు విప్పిన మోటారుని ఇంకొకరు ముట్టుకోకపోవడం ఈ ఊరి మెకానిక్కుల కట్టుబాటు. విప్పినవాడు కాదంటే ఆ మోటారు అక్కడే పడి ఉండాలి. ఇంట్లో చుక్క నీళ్లు లేవు. పొయ్యి మీద బియ్యం పడలేదు. ఎవరూ స్నానాలు చెయ్యలేదు.

అందుకని మళ్లీ వెతకడం మొదలైంది. ఈసారి నిజంగా వెతికారు. మంచం జరిపారు, బీరువా కింద చీపురు దూర్చారు. నేను దుప్పట్లు దులిపి, దిండు గలీబులు తీసి తిరగేశాను. ఎవరి కుట్టు చూసినా వేళ్లతో తడుముతాను, అది నాకు అలవాటైపోయింది. ఒక గలీబు మూల కుట్టు మరీ దరిద్రంగా ఉంది, దారాలన్నీ వదులు. ఎవరు కుట్టారో అని తిట్టుకుంటూ తడుముతుంటే వేలికి ఏదో గుచ్చుకుంది. దిద్దే. దాని సీల ఆ వదులు దారంలో చిక్కుకుని ఉంది.

ఓనరమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. "పోనీలే, దొరికింది. పైడమ్మకి ఫోన్ చేసి రేపట్నుంచి రమ్మంటాను" అంది.

కిటికీ కింద పెరట్లోంచి ఆయన గొంతు వినబడింది. "ఫోను కాదమ్మగారూ."

"మరి?"

"ఈదిలో అన్నారు. ఆవిడ ఈదికెళ్లి సెప్పాల. పదిమందీ ఇనాల."

ఓనరమ్మ మొహం ఎర్రబడింది. తను వెళ్లడమేమిటంది, అంత అవసరమేమిటంది. ఆయన గోనె అంచు లాగి మోటారు ముక్కల మీద కప్పేశాడు. చివరికి ఓనరు గారే, "వెళ్లి రా, పోయేదేముంది" అన్నారు. తోడు నన్ను లాక్కెళ్లింది. దారి పొడుగునా ఆ ముసలాణ్ణి ఇకమీదట గడప తొక్కనివ్వనని చెబుతూనే ఉంది.

పైడమ్మ వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉంది. నలుగురు ఆడవాళ్లు చుట్టూ ఉన్నారు. ఓనరమ్మ దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, దిద్దు దొరికింది, నువ్వు తియ్యలేదు అంది. పైడమ్మ బిందె కింద పెట్టింది.

"మల్లోపాలి సెప్పండమ్మగారూ. మా అత్త లోపలుంది, దానికి ఇనబళ్లేదు."

ఓనరమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగానే చెప్పింది. లోపల్నించి ముసలావిడ ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. పైడమ్మ "సరే" అని బిందె ఎత్తుకుంది. ఆవిడ మళ్లీ ఆ మేడలోకి పనికి రాలేదు. ఎదురింట్లో చేరింది. రోజూ ఓనరమ్మ ఎదురుగానే చీపురు పట్టుకుని ఆ వాకిలి ఊడుస్తుంది. నాకు చాలా సంతోషంగా ఉంటుంది అది చూస్తే.

మేం తిరిగొచ్చేసరికి ఆయన మెట్టు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. ఓనరమ్మని అడగలేదు, నన్నడిగాడు.

"సెప్పిందా?"

"చెప్పింది."

"గట్టిగానా?"

"రెండుసార్లు."

అప్పుడు పానా తీశాడు. మోటారు బిగించి, నీళ్లు ఎక్కించి, వెళ్లేముందు మామూలుగానే గుమ్మంలో సంచి తెరిచి "సూసుకోండి" అన్నాడు. ఓనరమ్మ చూడలేదు. చూసేదాకా కదల్లేదు ఆయన.

కిందికి దిగి మా కొట్లో కూర్చున్నాడు. టీ తెప్పించాను. ఆ రోజు గ్లాసుని వెలుతురులో పెట్టి చూడకుండానే తాగాడు. ఇంత పట్టుదల ఎందుకు బాబాయ్ అని అడిగాను. నన్ను అనుమానంగా చూశాడు. ఎవరికి చెబుతుందో ఈవిడ అని తూచుకుంటున్నట్టుంది.

"నాకూ ఒగప్పుడు ఇలాగే అయింది" అన్నాడు.

కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఒక పెద్దవాళ్ల ఇంట్లో పంపు బాగుచెయ్యడానికి వెళ్లాడట. ఆ ఇంటాయన ఉంగరం పోయింది. ఈయన సంచి తిరగేశారు, ఏమీ దొరకలేదు. కానీ ఆ సంచి అస్తరు ఒకచోట చిరిగి ఉంది. ఆ చిరుగులో చెయ్యి పెట్టి, ఇందులో దాచి దారిలో ఎవరికో అందించేసుంటాడు అన్నారు. ఉంగరం దొరకలేదు, చిరుగు దొరికింది. ఆ చిరుగే సాక్ష్యమైపోయింది. ఆ వీధిలో ఇంకెవరూ ఆయన్ని ఇంట్లోకి పిలవలేదు. పక్క వీధుల్లోకీ పాకింది ఆ మాట. గానుగలకీ పడవలకీ తిరిగి ఎలాగో బతికాడు. ఎన్నేళ్లకో మళ్లీ ఇళ్లల్లోకి రానిచ్చారు. అప్పట్నించే గుమ్మంలో సంచి తెరవడం.

"మరి అది సెప్పొచ్చు కదా బాబాయ్. అందరూ నువ్వే మమ్మల్ని అనుమానిత్తన్నావనుకుంటన్నారు" అన్నాను. ఆయనతో మాట్లాడితే నా మాటా ఆయన మాటలాగే అయిపోయేది.

"అనుకోనీ. ఎదుటోల్ని అనుమానించీవోడ్ని ఎవులూ అనుమానించరు."

"ఇంతకీ ఆ ఉంగరం ఏమైంది?"

"దొరికీసింది. నానే సూసేను. మార్కెట్టులో బెల్లం ఏలంపాట జరుగుతంటే ఆ ఇంటాయన సెయ్యెత్తేడు. ఏలికి ఉంది. అదే ఉంగరం, అదే రాయి. నన్ను సూసి సెయ్యి జేబులో పెట్టీసుకున్నాడు."

"అడగలేదా నువ్వు?"

"ఏటని అడగను? ఎవరికని సెప్పను? దొంగే వచ్చి ఉంగరం దొరికిందంటే నమ్ముతారేటి? ఆల్లు సెప్పాల ఆ మాట."

"వాళ్లు వచ్చి చెప్పలేదా?"

గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి చూశాడు.

"ఇంకా రానేదు" అన్నాడు.

ఆ ఇల్లు ఎవరిదని ఎంత అడిగినా చెప్పలేదు. తర్వాత కూడా సంచి పనికి చాలాసార్లు వచ్చాడు. ఒకసారి పట్టీ పోయింది, ఒకసారి ప్లాస్టిక్ మూత ఎండకి పసుపుపచ్చగా అయిపోయింది. ఎప్పటిలాగే నా దారం మీద, నా సూది మీద, నా మీద అనుమానపడ్డాడు. నేనూ ఎప్పటిలాగే తిట్టాను. ఆ సంగతి మాత్రం మా మధ్య మళ్లీ రాలేదు.

పెద్దకర్మ రోజు కొట్టు మూసి వెళ్లాను. తుమ్మపాల వెళ్లే దారిలో, లోపలికి ఉన్న వీధిలో రేకుల ఇల్లు. బయట టెంటు వేశారు. మగవాళ్లు భోజనాలు చేస్తున్నారు. ఆయన భార్యని నేను అంతకుముందు చూడలేదు. బక్కపల్చటి మనిషి. నేనెవరో చెప్పగానే నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది.

"సంచులు కుట్టీ అమ్మాయివి నువ్వేనా? నీకాడ ఏటైనా దాసేడేటి మా ఆయన?"

"ఏమీ లేదు పిన్నీ."

"ఉంటే సెప్పీ. నానేటీ అననులే." నా మొహంలో ఏదో వెతికింది. దొరకలేదు కాబోలు, చెయ్యి వదిలి గట్టు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "మంచోడేనమ్మా. తాగుడు నేదు, ఒకరి జోలి నేదు. కుర్రతనంలో ఒక్క తప్పు సేసేడు. ఎవరింట్లోనో ఉంగరం తీసేడు. నాకు పెళ్లయిన కొత్త. ఈదిలో తలెత్తుకోనేకపోయేను. అప్పుడు నూకాలమ్మ తల్లికి మొక్కుకున్నాను, ఆ బుద్ధి మల్లీ రానియ్యకు తల్లీ అని. ఏటేటా సెల్లిత్తన్నాను ఆ మొక్కు. అమ్మ దయ, మల్లెప్పుడూ సెయ్యి సాపనేదు."

"ఆ మొక్కు దేనికో బాబాయికి తెలుసా పిన్నీ?" అని అడిగాను.

"తెలవకేటి? బండి మీద గుడికి తీసుకెళ్లీవోడే ఆయన. కొబ్బరికాయా ఆయనే ఒట్టుకునీవోడు."

ఏటేటా. ఆ కొబ్బరికాయ దేనికో తెలిసి కూడా, పక్కన నిలబడి కొట్టించాడన్నమాట. ఆయన మీద కోపం వచ్చింది, ఈ ఒక్క మనిషికైనా చెప్పుకోవద్దా అని.

"పిన్నీ, ఆ ఉంగరం దొరికింది. బాబాయి తియ్యలేదు."

ఆవిడ తలెత్తింది. కళ్లు చిన్నవి చేసుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నీకెవరు సెప్పేరు? ఆయనేనా?"

ఆ 'ఆయనేనా' అన్న తీరులోనే అంతా ఉంది. నేను ఔనంటే అక్కడితో అయిపోతుంది, ఇక నమ్మదు. ఇన్నేళ్లూ ఆయన ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు నాకు బాగా తెలిసింది. నేను గిరాకీల మొహం మీదే ఉన్నమాట అనేసే మనిషిని. అబద్ధం ఆడితే నా మొహంలో తెలిసిపోతుందని మా ఆయన ఎప్పుడూ నవ్వుతాడు. అయినా ఆవిడ కళ్లలోకి చూస్తూనే చెప్పాను.

"కాదు పిన్నీ. ఆ ఇంటివాళ్లే చెప్పారు."

"ఆల్లే వచ్చేరా?"

"వచ్చారు. మా కొట్టుకొచ్చారు. ఉంగరం ఆ పెద్దాయన వేలికే ఉంది, నేను చూశాను. తప్పయిపోయిందని చెప్పారు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. బయట ఎవరో పప్పు వడ్డించమని పిలుస్తున్నారు. ఆవిడ వినిపించుకోలేదు. నావైపు జరిగి అడిగింది.

"ఆయనుండగా వచ్చేరా అమ్మా, పోయినాక వచ్చేరా?"

"ఉండగానే పిన్నీ" అన్నాను. "ఆయన పక్కనే కూర్చుని విన్నాడు."